చైనాలో 4.3, యూరప్‌లో 4, బెంగళూరులో ‘ఫ్యామిలీస్ ఓన్లీ’

2024లో చైనాలో ప్రతి వెయ్యి మంది జనాభాకి 4.3 పెళ్లిళ్లు జరిగాయి, దక్షిణ కొరియాలో 4.4. అంతకు ముందు ఏడాది జపాన్‌లో 3.9, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ కలిపి చూస్తే 4. అన్నీ దాదాపు ఒకటే నంబరు. కానీ ఇదే నంబరు చూసి బీజింగ్‌లో, సియోల్‌లో, టోక్యోలో ప్రభుత్వాలు తల పట్టుకుని కూర్చుంటే, పారిస్‌లో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఒకే నంబరుకి ఇంత తేడా ఎందుకు అనేదే ఇక్కడ అసలు విషయం.

పేపర్లలో వచ్చే పెళ్లి రేటు అంటే ఒక ఏడాదిలో రిజిస్టర్ అయిన పెళ్లిళ్లని మొత్తం జనాభాతో భాగించి వెయ్యితో గుణించడం, అంతే. ఆ మొత్తం జనాభాలో ఉయ్యాలలో పసిపిల్ల నుంచి ఎనభై ఏళ్ల తాతగారి దాకా అందరూ ఉంటారు, కాబట్టి ముసలివాళ్లు ఎక్కువున్న దేశంలో ఎవరి మనసూ మారకపోయినా రేటు దానంతటదే పడిపోతుంది. అందుకే ‘జనానికి పెళ్లి మీద నమ్మకం పోయింది’ అనే హెడ్డింగ్ కనపడగానే ముందు అక్కడ పెళ్లి వయసు వాళ్లు ఎంత మంది ఉన్నారో చూడాలి. ఆ తర్వాత చూడాల్సింది ఇంకోటి ఉంది, అది ఇంకా ముఖ్యం: ఆ దేశంలో పెళ్లి చేసుకోకపోతే మనిషికి ఏమేం దొరకవు? ఇల్లు దొరుకుతుందా, పిల్లల్ని కనొచ్చా, వీసా వస్తుందా, నలుగురిలో మర్యాద ఉంటుందా? ఈ లిస్టు ఎంత పొడుగో దాన్ని బట్టే ఆ 4 అనే నంబరుకి అర్థం మారిపోతుంది.

ఫ్రాన్స్‌నీ కొరియానీ పక్కపక్కన పెడితే ఇది బాగా తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో పుట్టే ప్రతి వంద మంది పిల్లల్లో 58 మంది దాకా పెళ్లి కాని అమ్మానాన్నలకే పుడుతున్నారు. కొరియాలో 2024లో అది వందకి 5.8, అదీ అప్పటికి వాళ్ల రికార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఫ్రాన్స్‌లో 1999 నుంచి పాక్స్ అని ఒక ఒప్పందం ఉంది. ఇద్దరు కలిసి ఉంటాం అని రాసుకుని రిజిస్టర్ చేయించుకోవడం, పన్నులు కలిపి కట్టుకోవచ్చు, పొసగకపోతే కోర్టు దాకా వెళ్లకుండానే రద్దు చేసుకోవచ్చు. అప్పట్లో స్వలింగ జంటలకి ఏదో ఒక గుర్తింపు ఇవ్వాలని తెచ్చిన చట్టం అది, తీరా చూస్తే ఇప్పుడు వాడుకునేది ఎక్కువగా మామూలు ఆడ మగ జంటలే. ఏటా 2 లక్షల దాకా పాక్స్‌లు, 2 లక్షల 40 వేల దాకా పెళ్లిళ్లు, అంటే రెండూ దాదాపు సమానంగా నడుస్తున్నాయి. స్వీడన్‌లో అయితే పెళ్లి లేకుండా కలిసి ఉండేవాళ్ల ఇల్లూ సామానూ ఎలా పంచుకోవాలో చెప్పే చట్టమే ఉంది. ఇలాంటి చోట పెళ్లి రేటు తగ్గిందంటే జనం కాపురాలు మానేశారని కాదు, కాగితం ఇంకోటి వాడుతున్నారని.

కొరియాలో ఆ రెండో కాగితం లేదు. పెళ్లి కాకుండా బిడ్డని కంటే జనం చూసే చూపు దగ్గరే అడ్డం మొదలవుతుంది. పోనీ పెళ్లి చేసుకుందామంటే ముందు ఇల్లు కావాలి, ఇల్లంటే అక్కడ చాలా కాలంగా నడుస్తున్న జొన్సే పద్ధతి ఉంది, అద్దె నెల నెలా కట్టకుండా ఇంటి ఖరీదులో సగానికి పైగా డబ్బు ఒకేసారి ఓనర్ దగ్గర డిపాజిట్ పెట్టాలి, ఖాళీ చేసేటప్పుడు తిరిగిస్తాడు. (బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ అడిగిన ఓనర్‌ని తిట్టుకునేవాళ్లు ఒకసారి ఇది గుర్తు చేసుకోవాలి.) ఆ ఇంటి సంగతి అబ్బాయి వాళ్లు చూసుకోవాలని ఆనవాయితీ. చదువుకున్న అమ్మాయికేమో పెళ్లైతే ఆఫీసులో ప్రమోషన్ దగ్గర చిక్కు, ఇంట్లో అత్తమామల దగ్గర ఇంకో చిక్కు. దాంతో 1996లో 4 లక్షల 30 వేలకి పైగా జరిగిన పెళ్లిళ్లు 2023కి 2 లక్షల లోపుకి వచ్చేశాయి, అదే ఏడాది ఒక్కో మహిళకి పుట్టే పిల్లల సగటు 0.72కి దిగింది. పిల్లలకి దారి పెళ్లి ఒక్కటే అయినప్పుడు, ఆ దారి ఇంత ఖరీదైపోతే జరిగేది ఇదే.

జపాన్ కథ కూడా ఇంతే, కాకపోతే ఇంకా ముందే మొదలైంది. 1972లో దాదాపు 11 లక్షల పెళ్లిళ్లు జరిగిన దేశంలో 2023లో 4 లక్షల 75 వేల లోపే జరిగాయి, 5 లక్షల కిందికి పోవడం 1933 తర్వాత అదే మొదటిసారి. 2020 జనాభా లెక్కల్లో యాభై ఏళ్లకి కూడా పెళ్లి కాని మగాళ్లు వందకి 28 మంది, ఆడవాళ్లు 18 మంది దాకా తేలారు. పైగా అక్కడి చట్టం ప్రకారం పెళ్లైతే ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలి, నూటికి తొంభై పైగా జంటల్లో మార్చుకునేది అమ్మాయే. మన దగ్గర పెళ్లయ్యాక ఆధార్‌లో పేరు మార్పించడానికి తిరిగిన అమ్మాయిలకి ఆ చిరాకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకు చదివి, అయితే సహజీవనాలకి చట్టం తెచ్చేస్తే పిల్లలు పుట్టేస్తారన్నమాట అనుకుంటే అదీ తప్పే. ఫిన్‌లాండ్‌లో పెళ్లి లేకుండా పిల్లల్ని కనడం మామూలు విషయం, ప్రభుత్వం డేకేర్ ఇస్తుంది, నాన్నలకి కూడా సెలవు ఇస్తుంది, అయినా అక్కడ 2023లో సగటు 1.26. స్వీడన్‌ది కూడా 1.5 కిందికే వచ్చింది. కాబట్టి పెళ్లికీ పిల్లలకీ ముడి వదులైతే తగ్గుదల కొరియా అంత ఘోరంగా ఉండదేమో గానీ అసలు తగ్గుదలే ఉండదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

చైనా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 2013లో 1 కోటి 34 లక్షల జంటలు రిజిస్టర్ చేసుకున్నాయి, 2024లో 61 లక్షలు. పదకొండేళ్లలో సగం కూడా మిగల్లేదు. దీనికి యూత్ బద్ధకం, సెల్‌ఫోన్లు, స్వార్థం అని రకరకాల కారణాలు చెప్తారు గానీ మొదటి కారణం మామూలు లెక్క: 1990ల నుంచి పుట్టేవాళ్లే తగ్గారు, ఒకే బిడ్డ పాలసీ కాలంలో పుట్టిన ఆ పిల్లలకే ఇప్పుడు పెళ్లీడు వచ్చింది, పైగా అప్పట్లో అబ్బాయే కావాలని ఆడపిల్లల్ని కడుపులోనే వదిలించుకోవడం వల్ల పుట్టిన ప్రతి వంద మంది అమ్మాయిలకి 118 మంది దాకా అబ్బాయిలు ఉన్నారు, అంటే ప్రతి బ్యాచ్‌లో కొంత మంది అబ్బాయిలకి అమ్మాయిలు లెక్క ప్రకారమే లేరు. పల్లెటూళ్లలో అబ్బాయి వాళ్లు అమ్మాయి వాళ్లకి ఇచ్చే కన్యాశుల్కం ఆకాశానికి పోయింది, తగ్గించండి బాబూ అని గవర్నమెంటే ప్రచారం చేసుకోవాల్సి వచ్చింది. సిటీలో అయితే అబ్బాయి పేరు మీద ఫ్లాట్ లేకుండా మాటలు ముందుకెళ్లవు.

దీని మీద ఇంకో తమాషా కూడా ఉంది. 2024లో ఒక్క ఏడాదే చైనాలో పెళ్లిళ్లు 20 శాతం పడిపోవడానికి చెప్పిన కారణాల్లో ఒకటి, వాళ్ల చాంద్రమాన సంవత్సరంలో ఆసారి వసంతం మొదలయ్యే రోజు రాలేదు, అలాంటి ఏడాదిని విధవ సంవత్సరం అంటారు, పెళ్లికి అచ్చిరాదని నమ్మకం. చదివి నవ్వుకునే ముందు అదే 2024 వేసవిలో మన దగ్గర మూఢం వచ్చి మే, జూన్ నెలల్లో ముహూర్తాలు లేకుండా పోయిన సంగతి గుర్తు తెచ్చుకోవాలి. సెలవుల్లో పెళ్లి పెట్టుకుందామనుకున్నవాళ్లంతా పంచాంగం చూసి ఆగస్టుకి జరుపుకున్నారు, లేదా ఏప్రిల్‌లోనే హడావుడిగా కానిచ్చేశారు. ఒక్క ఏడాది రేటు చూసి సమాజం గురించి పెద్ద మాటలు మాట్లాడకూడదు అనడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. 2025 మే నుంచి చైనాలో సొంతూరి కుటుంబ నమోదు పుస్తకం లేకపోయినా దేశంలో ఎక్కడైనా రిజిస్టర్ చేసుకోవచ్చని రూలు సులువు చేశారు. పెళ్లి ఈజీ, విడాకులకి మాత్రం 2021 నుంచి ముప్పై రోజులు ఆగి ఆలోచించుకోవాలి. ఎక్కడానికి ఒక రూలు, దిగడానికి ఇంకో రూలు.

ప్రభుత్వం డబ్బిస్తే పెళ్లిళ్లు పెరుగుతాయా అంటే పెరుగుతాయి, హంగరీలో పెరిగాయి. 2019లో అక్కడ పెళ్లైన జంటలకి కోటి ఫోరింట్ల దాకా వడ్డీ లేని లోన్ ఇచ్చారు, ముగ్గురు పిల్లల్ని కంటే మొత్తం మాఫీ. 2010లో 35 వేల చిల్లర ఉన్న పెళ్లిళ్లు 2021కి 72 వేలు, పెళ్లి రేటులో యూరోపియన్ యూనియన్ మొత్తానికి టాప్. పిల్లల సగటు కూడా 1.6 దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత? పెళ్లిళ్లు మళ్లీ 50 వేలకి దిగాయి, పిల్లల సగటు 1.4 కిందికి వచ్చేసింది. ఎలాగూ చేసుకునేవాళ్లు లోన్ కోసం రెండేళ్లు ముందు చేసుకున్నారు, అంతకు మించి పెద్దగా ఏమీ మారలేదని అనిపిస్తుంది. కొరియాలో 2024లో పెళ్లిళ్లు ఒక్కసారిగా 14.8 శాతం పెరిగితే అందరూ సంబరపడ్డారు, అందులో కోవిడ్ వల్ల ఆగిన పెళ్లిళ్లు ఉన్నాయి, 1990ల మొదట్లో కాస్త ఎక్కువగా పుట్టిన బ్యాచ్ ముప్పైల్లోకి రావడం ఉంది, కొత్త లోన్లూ ఉన్నాయి. ఏది ఎంత అనేది ఇంకో నాలుగైదేళ్లు పోతే గానీ విడదీయలేం.

అమెరికాలో రేటు 6 దాకా ఉంది, డబ్బున్న దేశాల్లో చూస్తే ఎక్కువే. కానీ అక్కడ నలభై ఏళ్లకి ఒక్కసారి కూడా పెళ్లి కానివాళ్లు 1980లో వందకి ఆరుగురు ఉంటే 2021కి పాతిక మంది అయ్యారు, అందులోనూ డిగ్రీ లేనివాళ్లే ఎక్కువ. ఒకప్పుడు పేదా గొప్పా అందరూ చేసుకున్న పెళ్లి ఇప్పుడు అన్నీ కుదిరాక చేసుకునే పనైపోయింది. మనవాళ్లకి అమెరికా పెళ్లి లెక్క వేరు, అక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో హెచ్4 డిపెండెంట్ వీసా రావాలంటే పెళ్లి సర్టిఫికెట్ కావాలి, అందుకే హెచ్1బీ స్టాంపింగ్ డేట్ చుట్టూ ముహూర్తాలు పెట్టడం తెలుగు ఇళ్లలో కొత్తేం కాదు, వీసా రూలు మారితే సంబంధాల మార్కెట్ కూడా వారంలో మారిపోతుంది.

ఇక మన దేశం. ఈ లిస్టులో ఇండియా నంబరు ఏదని వెతికితే నమ్మదగ్గది దొరకదు, ఎందుకంటే పెళ్లిళ్లన్నీ రిజిస్టర్ అవ్వవు. పెళ్లిళ్ల రిజిస్ట్రేషన్ తప్పనిసరి చెయ్యమని సుప్రీంకోర్టు 2006లో రాష్ట్రాలకి చెప్పింది, ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం ఉంది, అయినా పాస్‌పోర్టో వీసానో అవసరమైతే తప్ప సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కే జంటలు తక్కువ. మండపంలో వెయ్యి మంది చూసిన పెళ్లికి మళ్లీ కాగితం ఎందుకు అనేది మన లాజిక్. కాబట్టి ఇక్కడ సర్వేలే దిక్కు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే నలభై అయిదు దాటిన ఆడవాళ్లలో అసలు పెళ్లే కానివాళ్లు నూటికి ఒకరో ఇద్దరో. అంటే చేసుకుంటారా లేదా అనేది ఇక్కడ ప్రశ్న కాదు, ఎప్పుడు, ఎవరిని, ఎవరు కుదిర్చితే అనేదే ప్రశ్న. ఆ ‘ఎప్పుడు’ కూడా అందరికీ ఒకటి కాదు. అదే సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లైపోయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వందకి 29 మంది, కర్ణాటకలో 21, తమిళనాడులో 13, కేరళలో 6. ఐటీ అమ్మాయిలు ముప్పై దాటినా చేసుకోవట్లేదని చర్చలు పెట్టేవాళ్లు ఈ 29 గురించి ఒక్క ముక్క మాట్లాడరు. ఇంకోవైపు కేంద్ర గణాంక శాఖ యువత రిపోర్టు ప్రకారం పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లలో పెళ్లి చేసుకోనివాళ్లు 2011లో 17 శాతం ఉంటే 2019కి 23 శాతం అయ్యారు. రెండూ ఒకే దేశంలో, చాలాసార్లు ఒకే జిల్లాలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో.

బెంగళూరు ఈ రెండో రకానికి పుట్టిల్లు. మారతహళ్లి, బెళ్లందూరు, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడ చూసినా ఆంధ్రా భోజనం పెట్టే పీజీలు, వాటి నిండా ఇరవై ఆరు నుంచి ముప్పై రెండేళ్ల మనవాళ్లు. శుక్రవారం రాత్రి బస్సెక్కి పెళ్లిచూపులకి కర్నూలో నెల్లూరో విజయవాడో వెళ్లి సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్ టైముకి తిరిగొచ్చేవాళ్లు ప్రతి పీజీలో ఉంటారు. పెళ్లిళ్ల పేరయ్యల పని ఇప్పుడు కులానికొక వాట్సాప్ గ్రూపు చేస్తోంది, బయోడేటాలో గోత్రం, నక్షత్రం తర్వాతి లైన్లోనే ప్యాకేజీ. బతుకంతా మారినా కులం గీత దాదాపు అలాగే ఉంది, మానవాభివృద్ధి సర్వేలో 2011-12 నాటికి దేశం మొత్తం మీద కులాంతర పెళ్లిళ్లు 5 శాతం దగ్గరే ఆగాయి. మేనరికాలు మాత్రం తగ్గుతాయి, దానికి ఎవరూ ప్రచారం చెయ్యక్కర్లేదు: ఆంధ్రాలో, కర్ణాటకలో, తమిళనాడులో ఇప్పటికీ పావు వంతు దాకా పెళ్లిళ్లు రక్తసంబంధంలోనే అని సర్వే చెప్తోంది గానీ ఒక్కో ఇంట్లో ఒకరో ఇద్దరో పిల్లలైతే రేపు మేనమామ ఎక్కడి నుంచి వస్తాడు, మేనబావ ఎక్కడి నుంచి వస్తాడు?

పెళ్లి కాకపోతే ఏమేం దొరకవు అనే ప్రశ్న బెంగళూరులో వేస్తే మొదటి జవాబు ఇల్లు. టు-లెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని రాసి ఉంటుంది, బ్రోకర్ ఫోన్లో అడిగే మొదటి మాట ‘ఫ్యామిలీనా బ్యాచిలర్సా’. ఒక్కదాన్నే అని అమ్మాయి చెప్తే ఓనర్ ఆంటీకి వంద అనుమానాలు, పెళ్లి కాని జంట అని చెప్తే ఇంకేం లేదు, ఫోన్ కట్. పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండటం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో ఖుష్బూ కేసులోనే చెప్పింది, గృహహింస చట్టం 2005 నుంచే పెళ్లి లాంటి సంబంధంలో ఉన్న ఆడవాళ్లకి రక్షణ ఇస్తోంది, అవన్నీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గేటు బయటే ఆగిపోతాయి. చట్టం కూడా అన్ని చోట్లా ఒకేలా లేదు. 2021 సరొగసీ చట్టం పెళ్లైన జంటకీ, వితంతువుకీ, విడాకులు తీసుకున్న ఆవిడకీ ఒప్పుకుంటుంది, పెళ్లే కాని అమ్మాయికి ఒప్పుకోదు. అదే ఏడాది వచ్చిన ఐవీఎఫ్ చట్టం మాత్రం ఒంటరి మహిళకి కూడా అవకాశం ఇచ్చింది. ఉత్తరాఖండ్ అయితే 2025 జనవరి నుంచి సహజీవనం చేసేవాళ్లు కూడా రిజిస్టర్ చేసుకోవాల్సిందే అంది, పైకి ఫ్రాన్స్ పాక్స్‌లా కనపడుతుంది గానీ చేసుకోకపోతే శిక్ష అని పెట్టాక అది హక్కు ఎలా అవుతుంది, కాపలా అవుతుంది. మొత్తం మీద మనం ఫ్రాన్స్ వైపు కాదు, కొరియా వైపే ఉన్నాం: పెళ్లి లేకుండా దాదాపు ఏదీ దొరకదు. తేడా ఏంటంటే ఇక్కడ ఇంకా దాదాపు అందరికీ పెళ్లి అవుతోంది.

‘దాదాపు అందరికీ’ అన్నప్పుడు మండ్య అబ్బాయిలని మర్చిపోకూడదు. బెంగళూరు నుంచి రెండు గంటల దూరం. 2023 ఫిబ్రవరిలో అక్కడి నుంచి పెళ్లి కాని కుర్రాళ్లు కొంత మంది, ఎక్కువగా వ్యవసాయం చేసేవాళ్లే, సంబంధం కుదరాలని మొక్కుకుంటూ మలె మహదేశ్వర బెట్టకి పాదయాత్ర చేశారు. వార్తల్లో జోకులా వచ్చింది గానీ అందులో జోకేం లేదు. కావేరి నీళ్లున్న పొలం ఉంది, ఇల్లుంది, అయినా చదువుకున్న అమ్మాయి సిటీ ఉద్యోగం ఉన్న అబ్బాయినే అడుగుతోంది. మన కోస్తాలోనూ ఇదే మాట: పదెకరాలున్నా పర్లేదు గానీ అబ్బాయి ఊళ్లో ఉంటానంటే వద్దు. 1980ల్లో జపాన్ పల్లెల్లో ఇదే జరిగితే ఫిలిప్పీన్స్ నుంచి పెళ్లికూతుళ్లని తెచ్చుకున్నారు, కొరియాలో 2000 తర్వాత వియత్నాం నుంచి తెచ్చుకున్నారు, ఒక దశలో అక్కడి రైతులు, జాలర్ల పెళ్లిళ్లలో మూడో వంతు దాకా విదేశీ అమ్మాయిలతోనే. హర్యానా వాళ్లు బెంగాల్, అస్సాం, కేరళ దాకా వచ్చి చేసుకుంటున్నారు. అమ్మాయి ఊరి వ్యవసాయం వద్దంటోందంటే పొగరని తిట్టేస్తారు, కానీ ఆ ఇంట్లో పొద్దున నాలుగింటికి లేచి పాలు పితకడం దగ్గర్నుంచి రాత్రి అంట్ల దాకా ఎవరి మీద పడుతుందో ఆ అమ్మాయి వాళ్లమ్మని చూసి నేర్చుకుంది, భూమి మాత్రం మొగుడి పేరు మీదే ఉంటుందని కూడా తెలుసుకుంది.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు ఎక్కువ మంది పిల్లల్ని కనమన్నారు, ఆ వెంటనే తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నైలో సామూహిక వివాహాల వేదిక మీద పదహారు మంది పిల్లల మాట ఎత్తారు. నవంబరులో ఆంధ్రా అసెంబ్లీ ఇద్దరు పిల్లలు దాటితే లోకల్ ఎలక్షన్లకి అనర్హులనే రూలు తీసేసింది. ఆంధ్రాలో సగటు 1.7కి వచ్చేసింది కాబట్టి భయం అర్థమవుతుంది, ఎంపీ సీట్లు తగ్గుతాయనే లెక్క కూడా దాని వెనక ఉంది. కానీ ఇక్కడ పిల్లలు పుట్టేది పెళ్లిలోనే, ఆ పెళ్లి ఆడవాళ్లకి ఎంతకి పడుతోందో ఎవరూ లెక్కలోకి తీసుకోవట్లేదు. దక్షిణాసియాలో పెళ్లయ్యాక, ఇంకా పిల్లలు కూడా పుట్టకముందే, పని చేసే ఆడవాళ్ల శాతం 12 పాయింట్లు పడిపోతోందని ప్రపంచ బ్యాంకు 2024లో చెప్పింది. బెంగళూరులో నెలకి లక్ష సంపాదించే అమ్మాయికి ఈ లెక్క చదవక్కర్లేదు, టీమ్‌లో పెళ్లైన అక్కలు ఏమయ్యారో చూస్తూనే ఉంది.

అందుకే ఈమధ్య పెళ్లిచూపుల్లో అమ్మాయిలు అడిగే ప్రశ్నలు మారాయి. అత్తయ్యగారు మనతోనే ఉంటారా, వంటమనిషిని పెట్టుకుందామా, నాకు హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ వస్తే నువ్వు వస్తావా, పాప పుడితే ఎవరు ఎన్నాళ్లు సెలవు పెడతారు. అబ్బాయి వాళ్లు ఇంటికెళ్లాక ‘పిల్ల బాగానే ఉంది కానీ మాటలెక్కువ’ అంటారు, అమ్మాయి వాళ్లకి ఫోన్ చేసి జాతకం కలవలేదంటారు, ఇద్దరూ ఇంకో ఏడాది గ్రూపుల్లో బయోడేటాలు తిప్పుతారు. సియోల్ అమ్మాయిలు ఈ ప్రశ్నలు ముప్పై ఏళ్ల కిందట అడగడం మొదలుపెట్టారు, సరైన జవాబు రాక మెల్లగా అసలు పెళ్లిచూపులకే రావడం మానేశారు.